ఎర్ర మునియా కోసం కొన్న 8×42 బైనాక్యులర్: వానాకాలమంతా వాడాక

కొనే ముందు బైనాక్యులర్ల రివ్యూలు చాలా చదివాను. ఎక్కువమంది దూరపు సెల్ టవర్‌నో, స్టేడియంలో ఆటగాళ్లనో, చందమామనో చూసి మార్కులు వేస్తున్నారు. నాకు కావలసింది అది కాదు. చెరువు ఒడ్డున తుంగలో, గాలికి ఊగే గడ్డి మీద రెండు క్షణాలు కూర్చుని లోపలికి దిగిపోయే 10 సెంటీమీటర్ల పిట్టను చూసి, అది ఏ పిట్టో తేల్చి చెప్పగలగాలి. అందుకే ఈ రివ్యూ మొత్తం ఒక్క పిట్ట చుట్టూనే తిరుగుతుంది. ఆ పిట్ట ఎర్ర మునియా. హిందీలో లాల్ మునియా అంటారు.

నేను సంగారెడ్డి జిల్లాలో ప్రభుత్వ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. మా వైపు చెరువులకు కొదవ లేదు. ఆదివారం పొద్దున అమీన్‌పూర్ చెరువుకో, మా ఊరి చెరువు కట్టకో వెళ్తుంటాను. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. అక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది కెమెరాలు నీళ్ల మీది ఫ్లెమింగోల వైపు, బాతుల వైపు తిప్పుతారు. నేను వాళ్లకు వీపు పెట్టి గట్టు పక్క గడ్డిలోకి చూస్తుంటాను. మునియాలు ఉండేది అక్కడే.

కంపెనీ పేరు రాయడం లేదు. 13 వేలు పెట్టి కొన్నాను. ఈ ధరలో నాలుగైదు కంపెనీల 8×42లు (8 అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, 42 సంగతి కింద చెప్తాను) దొరుకుతాయి, లోపలి సరుకులో పెద్ద తేడా ఉండదు. పేరు చూసి కొనేకంటే పెట్టె మీద ఏం రాసుందో చదివి కొనడం మంచిది. ఏం చదవాలో కింద చెప్తాను.

ముందు పిట్ట సంగతి. ఎందుకంటే బైనాక్యులర్‌కు పరీక్ష పెట్టేది అదే.

వానాకాలంలో మగ ఎర్ర మునియాను గుర్తుపట్టడానికి నిజానికి ఖరీదైన బైనాక్యులర్ అక్కర్లేదు. పిచ్చుక కంటే చిన్నది. ముఖం, గొంతు, ఛాతీ అన్నీ ముదురు ఎరుపు. రెక్కలు గోధుమ రంగు, తోక నలుపు, ముక్కు ఎరుపు. రెక్కల మీద, పక్కల మీద, ఛాతీ అంచుల మీద సన్నని తెల్ల చుక్కలు. కంటికీ ముక్కుకీ మధ్య నల్ల గీత. మా చెరువు పక్క గడ్డిలో అంత ఎరుపు, దాని మీద అన్ని చుక్కలు ఉన్న పిట్ట ఇంకోటి లేదు. ఒకసారి గేదెలు మేపుకుంటున్న తాత ఒకాయన పక్కన నిలబడి, "ఏం జూస్తున్రు టీచరమ్మా?" అని అడిగాడు. "తుంగలో ఎర్ర పిట్టలున్నాయి తాతా, మీరూ చూడండి" అని చేతికిచ్చాను. ఆయన కాసేపు చూసి, "ఎర్ర పిట్టలని ఎరుకనేగని, ఒంటి మీద గిట్ల ముగ్గు సుక్కలున్నయని ఇయ్యాల్నే జూస్తున్న" అన్నాడు. ఆ చుక్కలు మామూలు కంటికి అందవు. ఆ చెరువు పక్కనే పుట్టి పెరిగిన మనిషికి కూడా అందలేదు.

చుక్కలు చూపించే విషయంలో ఈ బైనాక్యులర్‌కు మంచి మార్కులే వేస్తాను. ఇరవై మీటర్ల లోపు ఉంటే చుక్కలు దేనికది విడిగా కనిపిస్తాయి. ముప్పై దాటాక ఎరుపులో కలిసిపోయి, పిట్ట పక్క భాగం కాస్త వెలిసిన ఎరుపులా అనిపిస్తుంది. అది లెన్సు లోపం కాదు, 8 రెట్ల పరిమితి. ముప్పై మీటర్ల దూరంలో ఉన్నదాన్ని ఇది దాదాపు నాలుగు మీటర్ల దగ్గరికి తెస్తుంది. ఆ దూరంలో మిల్లీమీటరు చుక్కను విడదీయడం మన కంటికే కష్టం.

అసలు పరీక్ష ఆడ పక్షి. ఒళ్లంతా మట్టి రంగు, కింద లేత పసుపు కలిసిన బూడిద రంగు. గడ్డిలో ఉంటే గడ్డే అనుకుంటాం. కానీ రెండు చోట్ల ఎరుపు ఉంటుంది. ఒకటి ముక్కు. రెండోది తోక మొదలు, అంటే వీపు అయిపోయి తోక మొదలయ్యే చోటు. రెక్కలు ముడుచుకుని కూర్చున్నప్పుడు ఆ ఎరుపు సగం దాక్కుంటుంది. పిట్ట పక్కకు తిరిగినప్పుడో, ఎగరబోతూ రెక్క విప్పినప్పుడో ఒక్క క్షణం బయటపడుతుంది. రెక్క మీద చిన్న తెల్ల చుక్కలు కొన్ని ఉంటాయి, కంటి దగ్గర నల్ల గీత కూడా ఉంటుంది. ఆ క్షణంలో ఆ ఎరుపును ఎరుపుగా చూపించగలిగితేనే బైనాక్యులర్ మంచిదని నేనంటాను. మగ పక్షి ఎరుపును ఏ అద్దమైనా చూపిస్తుంది.

ఆడ పక్షిని గుర్తుపట్టడం ఎందుకు అంత ముఖ్యం? మగది కూడా ఏడాది పొడవునా ఎర్రగా ఉండదు. పిల్లల్ని పెంచే కాలం అయిపోయాక ఆ ఎరుపు ఈకలు రాల్చుకుని ఆడదానిలాగే మట్టి రంగులోకి మారిపోతుంది. అంటే ఎండాకాలంలో చెరువుకి వెళ్లి "ఎర్ర పిట్టలు వెళ్లిపోయాయి" అనుకుంటే పొరపాటు. గుంపు అక్కడే ఉంటుంది, రంగు మాత్రమే పోయింది. అప్పుడు గుంపులో ఏ ఒక్కదాన్ని గుర్తుపట్టాలన్నా ముక్కు, తోక మొదలు, ఈ రెండే ఆధారం. ముక్కు విషయంలోనూ ఒక మెలిక ఉంది. మే నెలలో ఎర్రబడటం మొదలై, నవంబరు, డిసెంబరు నాటికి రంగు ముదిరి, ఏప్రిల్‌లో త్వరత్వరగా నల్లబడుతుంది. కాబట్టి ఏప్రిల్‌లో ముక్కును నమ్ముకోకండి, తోక మొదలు చూడండి.

పిల్లలు ఇంకా కష్టం. వాటికి ఎరుపే ఉండదు, ముక్కు కూడా నల్లగానే ఉంటుంది. రెక్క మీద రెండు లేత పట్టీలు కనిపిస్తాయి. పక్కన తల్లో తండ్రో ఉంటే తప్ప నేను వాటికి పేరు పెట్టను.

ఇక పోలిన పిట్టలు. ఆడ ఎర్ర మునియాతో ఎక్కువగా తడబడేది సిల్వర్‌బిల్‌తో. దాన్ని తెల్ల గొంతు మునియా అని కూడా అంటారు. అదీ మట్టి రంగే, అదీ గుంపులుగానే తిరుగుతుంది, అదే గడ్డి గింజలు తింటుంది. కానీ దాని ముక్కు నీలం కలిసిన బూడిద రంగు, తోక మొదలు తెలుపు, తోక నల్లగా పొడుగ్గా సూదిగా ఉంటుంది. చుక్కల మునియాకు గొంతు, ముఖం ముదురు గోధుమ, పొట్ట మీద చేప పొలుసుల్లాంటి గీతలు. నల్ల తల, తెల్ల పొట్ట, ఇటుక రంగు వీపు ఉంటే అది మూడు రంగుల మునియా, దానితో తికమక ఏమీ లేదు. చలికాలంలో ఉత్తరం నుంచి వచ్చే రోజ్‌ఫించ్ మగదానికి తల, ఛాతీ ఎర్రగా ఉంటాయి. కొత్తవాళ్లు దాన్ని చూసి ఎర్ర మునియా అనేస్తారు. అది పిచ్చుక సైజు పిట్ట, ముక్కు లావు, ఒంటి మీద తెల్ల చుక్కలుండవు. పైగా చెట్ల మీద, పొదల మీద కనిపిస్తుంది, తుంగలో దూరదు.

ఈ తేడాలన్నీ నిలబడేది రంగు మీద. అందుకే బైనాక్యులర్‌లో నేను అన్నిటికంటే ముందు చూసింది ఎరుపు.

మా బడిలో ఒక పిల్లవాడు జాతరలో కొన్న బైనాక్యులర్ తెచ్చాడు. ముందు అద్దాలు కెంపుల్లా ఎర్రగా మెరుస్తున్నాయి. పిల్లలందరికీ అది గొప్పగా అనిపించింది. రెండూ పక్కపక్కన పెట్టి కిటికీలోంచి మందార పువ్వును చూడమన్నాను. వాడి దానిలో పువ్వు నీరసంగా, చుట్టూ ఆకులు మరీ పచ్చగా కనిపించాయి. కారణం సులభం. అద్దం మీద ఆ ఎరుపు మెరుపు వస్తోందంటే, ఎర్రటి వెలుగును అద్దం బయటికే తిప్పి కొడుతోందని అర్థం. బయటికి పోయిన ఎరుపు మన కంటికి ఎలా వస్తుంది? తోక మొదట్లో చిటికెడంత ఎరుపును వెతకాల్సిన పనికి అలాంటి అద్దం అసలు పనికిరాదు. మెరుపు చూసి కొనకండి. మంచి పూత ఉన్న అద్దంలో ట్యూబులైటు నీడను చూస్తే ఊదాగానో లేత ఆకుపచ్చగానో మసగ్గా కనిపిస్తుంది. పెట్టె మీద "ఫుల్లీ మల్టీ కోటెడ్" అని ఉండాలి, అంటే అన్ని అద్దాలకూ ఒకటికి మించి పూతలు. ఉత్త "కోటెడ్" అంటే కొన్ని అద్దాలకే పూత ఉండొచ్చు. "బాక్-4 ప్రిజం" (లోపలి ప్రిజం మంచి రకం గాజుతో చేసింది), "ఫేజ్ కోటెడ్" (ఆ ప్రిజానికి బొమ్మ పదును పెంచే పూత) అన్నవి కూడా ఉంటే ఇంకా మంచిది. నేను కొన్నదానికి మూడూ ఉన్నాయి. ఎరుపు విషయంలో పదికి తొమ్మిది ఇస్తాను.

అయితే ఒక మాట. ఎంత మంచి బైనాక్యులరైనా తెల్లవారుజామున ఎరుపు చూపించలేదు. మసక వెలుతురులో మన కంటికి అన్నిటికంటే ముందు నలుపెక్కే రంగు ఎరుపే. అది కంటి స్వభావం. సూర్యుడు రాకముందు మగ మునియా కూడా నల్ల పిట్టలాగే ఉంటుంది. కాస్త ఎండ పడేదాకా ఆగి, ఎండ మన వీపు మీద ఉండేలా నిలబడాలి. ఎదురెండలో చూస్తే ఎరుపు పోతుంది. పైగా ఈ ధర బైనాక్యులర్లలో తెల్లటి ఆకాశం ముందు గడ్డి అంచులకు ఊదా రంగు గీత ఒకటి కనిపిస్తుంది. నా దాంట్లోనూ ఉంది. ఆ గీత ముక్కు అంచు మీద పడితే ముక్కు రంగు చెప్పలేం. అలాంటప్పుడు నేను కట్ట మీద నడిచి వెలుగుకి అటు పక్కకు మారతాను.

8 రెట్లే ఎందుకు, 10 ఎందుకు కాదు అని స్టాఫ్ రూములో చాలామంది అడిగారు. ఎక్కువ దగ్గరగా కనిపిస్తుంది కదా అని. కనిపిస్తుంది, కానీ చేతి వణుకు కూడా అంతే పెరుగుతుంది. పైగా కనిపించే మేర తగ్గిపోతుంది. మునియా ఒకచోట ఉండదు. గుంపులో ఒకటి లేస్తే అన్నీ లేస్తాయి, సన్నగా ఒక్కో కూత కూస్తూ పది గజాల అవతల మళ్లీ గడ్డిలో పడతాయి. నా బైనాక్యులర్‌లో కిలోమీటరు దూరంలో 140 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. గుంపు లేచినప్పుడు అవి ఎక్కడ దిగాయో అందులోనే పట్టుకోగలుగుతున్నాను. 10 నుంచి 30 దాకా జూమ్ అయ్యే రకం గురించి అడిగేవాళ్లకు ఒకటే చెబుతాను: ఈ పిట్టకు వద్దు. జూమ్ పెంచేకొద్దీ బొమ్మ చీకటైపోతుంది, గొట్టంలోంచి చూసినట్టు మేర కుంచించుకుపోతుంది.

42 అన్నది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. 42ని 8తో భాగిస్తే 5.25. కంటిలోకి వచ్చే వెలుగు చుక్క వెడల్పు అది. మబ్బు పట్టిన రోజున కంటిపాప పెద్దదవుతుంది కాబట్టి ఈ చుక్క పెద్దగా ఉండటం మంచిది. జేబులో పట్టే 10×25లో అది 2.5 మాత్రమే. మిట్టమధ్యాహ్నం ఆ తేడా తెలియదు. శ్రావణ మాసపు మబ్బులో, తుంగ నీడలో ఉన్న ఆడ పక్షి మీద చూడండి, అప్పుడు తెలుస్తుంది.

మబ్బుల మాట వచ్చింది కాబట్టి వాన సంగతి. ఎర్ర మునియా తన అందమంతా చూపించేది వానాకాలంలోనే. వానలు పడి గడ్డి గింజ పట్టాక అవి గడ్డితో గుండ్రటి గూడు అల్లుకుని గుడ్లు పెడతాయి. కాబట్టి నీళ్లు దూరని బైనాక్యులర్ కొనడం ఈ పిట్ట విషయంలో షోకు కాదు, అవసరం. నా దాంట్లో లోపల నైట్రోజన్ గ్యాస్ నింపి మూసేశారు. కాబట్టి లోపలి అద్దాలకు ఆవిరి పట్టదు. పోయిన భాద్రపదంలో కట్ట మీద ఉండగా వాన దంచి కొట్టింది, బైనాక్యులర్ పూర్తిగా తడిసింది. తుడిచి మళ్లీ చూస్తే లోపల ఏ మసకా లేదు. ఇందులో పూర్తి మార్కులు. బయటి అద్దానికి మాత్రం ఏసీ కారులోంచి దిగగానే ఆవిరి పడుతుంది. రెండు నిమిషాలు బయట పెడితే అదే పోతుంది, వేలితో రుద్దకండి.

నేను కళ్లద్దాలు పెట్టుకుంటాను. కంటికీ బైనాక్యులర్‌కీ మధ్య ఉండగలిగే దూరం 17 మిల్లీమీటర్లని దీని మీద రాసి ఉంది. కంటి దగ్గరి రబ్బరు కప్పులు తిప్పి కిందికి దించేస్తే కళ్లద్దాలతోనే బొమ్మ మొత్తం కనిపిస్తోంది. అద్దాలు పెట్టుకునేవాళ్లు ఈ అంకె 15 కంటే తక్కువ ఉన్నది కొనకండి.

ఇక నచ్చనివి.

నాకు మొదట వచ్చిన పీస్ సరిగా లేదు. రెండు కళ్లకీ బొమ్మలు ఒకటిగా కలవలేదు, కాసేపటికే నుదురు నొప్పి. ఇది చూసుకోవడం తేలిక. దూరంగా ఉన్న కరెంటు తీగను చూస్తూ బైనాక్యులర్‌ను మెల్లగా కంటికి కాస్త దూరం జరపండి. కుడి వైపు తీగ, ఎడమ వైపు తీగ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటే ఆ పీస్ వెనక్కి పంపేయండి. నేను పంపాను, మార్చి ఇచ్చారు. ఇది మొదటి రోజే చూసుకోవాలి, వెనక్కి పంపే గడువు దాటితే ఎవరూ పట్టించుకోరు.

ఫోకస్ చక్రం బిగువు. దగ్గరి గడ్డి మీది నుంచి వెనక తుంగకు పిట్ట మారితే చక్రం ఒక చుట్టు పైనే తిప్పాల్సి వస్తోంది. చలికాలం పొద్దున ఇంకాస్త బిగుసుకుంటుంది. మునియా అంత టైం ఇవ్వదు. గుంపు ఎక్కడ దిగుతుందో ఊహించి ముందే ఆ గడ్డి మీద ఫోకస్ పెట్టుకుని ఉండటం అలవాటు చేసుకున్నాను. అలాగే బొమ్మ అంచుల్లో పదునుండదు, పిట్టను నడుమకు తెచ్చుకుంటే ఇబ్బంది లేదు. ముందు అద్దాల మూతలు ఉత్తపుణ్యానికి ఊడిపోతున్నాయి, దారంతో కట్టుకున్నాను. బరువు 650 గ్రాములు. ఇచ్చిన పట్టీ సన్నగా ఉండి మెడ కోస్తుంది. వెడల్పాటి కెమెరా పట్టీ వేరే కొని మార్చాను, మీరూ మార్చుకోండి.

కుడి కంటి వైపు ఉండే చిన్న రింగు గురించి చాలామంది పట్టించుకోరు. ముందు కుడి అద్దానికి చెయ్యి అడ్డం పెట్టి ఎడమ కంటితో మధ్య చక్రం తిప్పి ఒక ఆకును స్పష్టం చేసుకోండి. తర్వాత ఎడమ అద్దానికి చెయ్యి అడ్డం పెట్టి, చక్రం ముట్టకుండా ఆ రింగు తిప్పి అదే ఆకును కుడి కంటికి స్పష్టం చేసుకోండి. ఇది ఒకసారి చేస్తే మళ్లీ అక్కర్లేదు. చేయకపోతే 13 వేలదైనా లక్షదైనా ఒకటే, చుక్కలు కనపడవు.

ఈ వస్తువులో నాకు అన్నిటికంటే విలువైనది దూరం. గూటి కాలంలో పిట్ట దగ్గరికి పోకుండా, గడ్డి తొక్కకుండా, ఫోన్‌లో కూతలు పెట్టి పిలవకుండా కట్ట మీద నిలబడే చూడొచ్చు. ఈ పిట్టకు మనుషుల వల్ల పడిన కష్టం తక్కువ కాదు. అందమే దానికి శత్రువైంది. ఏళ్ల తరబడి వలలు వేసి పట్టి పంజరాల్లో అమ్మారు, విదేశాలకు పంపారు. స్పెయిన్, ఫిజీ, హవాయి దీవుల్లో ఈ రోజు ఎర్ర మునియాలు ఉన్నాయంటే అలా మనుషులు మోసుకెళ్లినవే. దీని దగ్గరి చుట్టం ఆకుపచ్చ మునియా మన దేశంలో తప్ప ఎక్కడా లేదు, రాజస్థాన్‌లో మౌంట్ అబూ దాని ప్రసిద్ధ స్థావరం. పంజరాల కోసం పట్టడం వల్ల అది ప్రపంచ స్థాయిలోనే ప్రమాదంలో ఉన్న పక్షుల జాబితాకెక్కింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన మునియాలను పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం నేరం. సంతల్లో రంగురంగుల చిన్న పిట్టలు పంజరంలో కనిపిస్తే ఆగి చూడండి. మామూలు మునియాలకు రంగు పూసి అమ్మేవాళ్లున్నారు. ఎరుపు, పచ్చ రంగులు అట్టలా అంటుకుని, ఈకలు జిడ్డుగా ఉండి, తెల్ల చుక్కలు లేకపోతే అది పూసిన రంగే. అటవీ శాఖకు చెప్పండి. జాలిపడి కొని వదిలేద్దామనుకోకండి, కొంటే వాడు ఇంకో పది పడతాడు.

ఎవరు కొనాలి? మీ ఊళ్లో చెరువు, పక్కన జమ్మో తుంగో చెరకు తోటో ఉండి, పొద్దున ఒక గంట నిలబడే ఓపిక ఉంటే 8×42 కొనండి. అడవిలో పులిని చూడటానికో, టూరుకో అయితే ఇంత బరువు అనవసరం. 13 వేలు ఎక్కువనిపిస్తే ఇద్దరు ముగ్గురు టీచర్లు కలిసి బడికి ఒకటి కొనుక్కోవచ్చు. మా పదో తరగతి పిల్లలకు నా దాన్నే వంతులవారీగా ఇస్తున్నాను. ఇచ్చే ముందు పట్టీ మెడలో వేసుకోమంటాను, అదొక్కటే షరతు.

దాచుకోవడం గురించి కూడా చెప్పాలి. వానాకాలంలో తోలు సంచిలో మూసి బీరువాలో పెడితే అద్దాలకు బూజు పడుతుంది, పట్టిన బూజు పూర్తిగా పోదు. గట్టిగా మూత పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. నెలకోసారి కొత్తవి మార్చండి.